నోటు వెనక సంతకం: నమ్మకూడని సలహాలు

"బావా, వెనకాల ఊరికే ఒక సంతకం పెట్టు. డబ్బు కట్టాల్సింది నోటు రాసిచ్చినవాడు, నీకేం?"

ప్రామిసరీ నోటు దావాల్లో ఇరుక్కున్న చాలామంది కష్టాలకు ఈ ఒక్క మాటే మూలం. చెప్పేవాడికి దురుద్దేశం ఉండకపోవచ్చు. బావమరిదో, ఎరువుల కొట్టు గుమాస్తానో, ఫైనాన్స్ ఆఫీసులో కాయితాలు చూసే కుర్రాడో తనకు తోచింది చెబుతాడు. మోయాల్సింది మాత్రం సంతకం పెట్టినవాడే. నోటు వెనక సంతకం గురించి మన ఊళ్లలో తిరుగుతున్న ఇలాంటి సలహాలు ఎందుకు తప్పో, వాటి బదులు ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. దీనికంతటికీ ఆధారం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. నూట నలభై ఏళ్లు దాటినా ఈ విషయంలో ఇప్పటికీ అదే చట్టం.

ఒక పత్తి రైతు పురుగుమందుల డీలరుకు రెండు లక్షలకు నోటు రాసిచ్చాడనుకోండి. మన నోట్లన్నిటిలో ఉండే మాటే అందులోనూ ఉంటుంది: అసలు, వడ్డీ "మీకు గాని, మీ అనుమతి పొందిన వారికి గాని" మీరు కోరినప్పుడు చెల్లిస్తాను అని. నోటు చేతులు మారవచ్చని ఆ రెండో ముక్క చెబుతోంది. డీలరుకు డబ్బు అవసరమై, నోటు వెనక "దీని తాలూకు అసలు, వడ్డీ ఫలానా వారికి చెల్లించవలసింది" అని రాసి, సంతకం పెట్టి, ఫైనాన్షియరుకు ఇచ్చి సొమ్ము తీసుకున్నాడు. నోటు అమ్మేశాను, ఇక రైతూ ఫైనాన్షియరూ చూసుకుంటారు అని డీలరు అనుకుంటాడు. చట్టం అలా అనుకోదు. 35వ సెక్షన్ ప్రకారం, గడువుకు ముందు నోటును ఇలా వెనక సంతకంతో బదిలీ చేసి, అంటే ఎండార్స్ చేసి ఇచ్చినవాడు తన బాధ్యతను ఆ రాతలోనే తప్పించుకుంటే తప్ప, ఆ తర్వాత నోటు ఎవరి చేతికి వెళ్లినా వాళ్లందరికీ పూచీ పడినట్టే. రైతు కట్టకపోతే, ఆ సంగతి తనకు సరిగ్గా తెలియజేశాక, జరిగిన నష్టాన్ని డీలరు పూడ్చాలి.

"ముందు రైతు మీద దావా వేసి, పొలం వేలం వేసుకుని, అప్పటికీ రాకపోతేనే నా దగ్గరకు రావాలి కదా?" అని వాదించమనే సలహాదారులు కూడా ఉన్నారు. అక్కర్లేదు. రైతు చెల్లింపు తప్పడం, ఆ కబురు డీలరుకు చేరడం, ఈ రెండూ జరిగితే ఫైనాన్షియరు నేరుగా డీలరు మీదే దావా వేయవచ్చు. ఇద్దరినీ కలిపీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. చట్టం వీళ్ల మధ్య వరస మాత్రం చెప్పింది: ఫైనాన్షియరు ముందు రైతు అసలు బాకీదారు, డీలరు జామీనుదారు లాంటివాడు. డీలరు కట్టాడంటే ఆ మొత్తాన్నీ, కట్టిన రోజు నుంచి ఏడాదికి నూటికి 18 చొప్పున వడ్డీనీ, ఖర్చులనూ రైతు దగ్గర రాబట్టుకునే హక్కు 117వ సెక్షన్ ఇస్తుంది. హక్కు ఉండటం వేరు, రైతు దగ్గర అంత సొమ్ము ఉండటం వేరు. అది ఉంటే వ్యవహారం ఇక్కడిదాకా వచ్చేదే కాదు.

ఇంకొకటి. "నోటు మీద రైతు సంతకం దొంగదని తేలితే నీకు ఏ బాధా ఉండదు" అని చెబితే అస్సలు నమ్మకండి. 122వ సెక్షన్ ఎండార్స్ చేసినవాడి నోరు కట్టేసింది. తన తర్వాత నోటు పుచ్చుకున్నవాడు దావా వేసినప్పుడు, తనకంటే ముందున్నవాళ్ల సంతకం అబద్ధమనీ, వాళ్లకు ఒప్పందం చేసే అర్హత లేదనీ అతను వాదించకూడదు. నోటు రాసిచ్చింది మైనరని తేలినా అంతే. ఆ మైనరుకు బాధ్యత ఉండదు, మీకు ఉంటుంది. అందుకే నోటు మీ చేతికి వచ్చిన రోజే, రాసిచ్చినవాడు మీ ఎదురుగా సంతకం పెట్టాడా లేదా అన్నది తేల్చుకోవాలి. చేతులు మార్చే రోజున తేల్చుకుందామంటే కుదరదు.

మరి బాధ్యత లేకుండా నోటు మార్చడం సాధ్యమేనా? సాధ్యమే. 52వ సెక్షన్ ఆ దారి చూపించింది. సంతకం పైన "నాకు ఎలాంటి పూచీ లేకుండా" అన్న మాటలు స్పష్టంగా రాయండి, చాలు. ఇంగ్లీషులో రాసేవాళ్లు "వితౌట్ రికోర్స్" అని రాస్తారు. దీని మీద వచ్చే సలహా ఇంకోటి ఉంది: "అలా రాస్తే ఎవడూ నోటు తీసుకోడు, రాయకు, వాళ్లు మంచివాళ్లు, నీ మీదకు రారని నేను మాటిస్తున్నా." రాస్తే తీసుకోకపోవచ్చు, లేదా తక్కువ ఇస్తానంటాడు, నిజమే. కానీ అతను ఎందుకు తగ్గిస్తున్నాడో ఒక్క క్షణం ఆలోచించండి. ఆ రైతు కడతాడన్న నమ్మకం అతనికి అంత లేదు. ఇన్నాళ్లూ ఆ అపనమ్మకాన్ని మీ సంతకంతో పూడ్చుకుంటున్నాడు. ఆ పూచీకి వెల ఉందని తెలిశాక, దాన్ని ఉచితంగా ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. నోటిమాటగా ఇచ్చిన హామీని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. కాయితం మీద ఒకటి ఉండి, మాటగా ఇంకోటి అనుకున్నామని కోర్టులో నిరూపించడం దాదాపు అసాధ్యం.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా: "ఎవరి పేరూ రాయక్కర్లేదు, ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చెయ్, తర్వాత వాళ్లు రాసుకుంటారు."

పేరు లేని ఎండార్స్‌మెంట్ చట్టరీత్యా చెల్లుతుంది. ప్రమాదం అదే. అలా సంతకం పడిన నోటు ఎవరి చేతిలో ఉంటే వారిదన్నట్టు తిరుగుతుంది. ఎండార్స్‌మెంట్ అక్కర్లేకుండా చేతిలో పెడితే చాలు, హక్కు మారిపోతుంది. బల్ల సొరుగులోంచి పోయినా, స్కూటరు డిక్కీలోంచి జారినా, అది మంచి నమ్మకంతో వెల ఇచ్చి పుచ్చుకున్నవాడి చేతికి చేరిందంటే అతను మిమ్మల్నే అడుగుతాడు. దానికి మించినది 49వ సెక్షన్‌లో ఉంది. మీ దగ్గర ఖాళీ సంతకంతో నోటు తీసుకున్నవాడు, దాన్ని మూడోవాడికి ఇచ్చేటప్పుడు తన సంతకం పెట్టనక్కర్లేదు. మీ సంతకం పైన ఉన్న ఖాళీలో ఆ మూడోవాడి పేరు రాస్తే సరిపోతుంది. అలా రాసినంత మాత్రాన అతని మీద ఎండార్సర్ బాధ్యత పడదని చట్టం స్పష్టంగా చెప్పింది. మధ్యలో ఉన్నవాడు నోటు మీద ఎక్కడా కనబడడు. మీరు ఎన్నడూ చూడని మనిషికి మీరే నేరుగా పూచీ పడినట్టు కాయితం మాట్లాడుతుంది. కాబట్టి పేరు రాయండి. "ఫలానా వారికి మాత్రమే చెల్లించవలసింది" అని రాస్తే నోటు ఇంకా ముందుకు పోకుండా కూడా ఆపవచ్చు. కేవలం వసూలు చేసిపెట్టమని ఎవరికైనా ఇస్తున్నట్టయితే, "నా తరఫున వసూలు నిమిత్తం" అని రాయండి. అప్పుడు అతను మీ మనిషి మాత్రమే, నోటు యజమాని కాడు.

నోటు వెనక భాగాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. అక్కడ ఒకే రకం సంతకాలు ఉండవు. పైన మూలగా "ది. ఫలానా తేదీన రూ. 500 చెల్లు" అని ఒక రాత, దాని కింద బాకీదారు సంతకం. దానికింద వేరే సిరాతో బదిలీ రాత. పక్కన ఏ మాటా లేకుండా ఒక ఒంటరి సంతకం. కింద "సాక్షి" అని ఇంకొకటి. ఈ నాలుగింటికీ నాలుగు రకాల ఫలితాలు ఉన్నాయి, కానీ అందరూ వీటిని "వెనక సంతకం" అనే ఒక్క మాటతో పిలుస్తారు. సాక్షి సంతకం పెట్టినవాడికి డబ్బు కట్టే బాధ్యత లేదు. అసలు ప్రామిసరీ నోటుకు సాక్షులు ఉండి తీరాలని చట్టం అడగలేదు. బదిలీ రాత రాసినవాడికి పైన చెప్పిన పూచీ అంతా ఉంది. చెల్లు వేసి సంతకం పెట్టిన బాకీదారు మీద కాలపరిమితి మళ్లీ మొదటికి వస్తుంది. మిగిలింది ఆ ఒంటరి సంతకం. నోటుకు హక్కుదారు కాని మనిషి వెనక సంతకం పెట్టాడంటే, 15వ సెక్షన్ ప్రకారం అతను అసలు ఎండార్సరే కాడు. కానీ జామీనుగా పెట్టాడని రుజువైతే 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద బాకీదారుతో సమానంగా బాధ్యుడవుతాడు. ఆ రుజువు మీదే దావా ఏళ్ల తరబడి సాగుతుంది. రెండు వైపులా సాక్షుల్ని ప్రవేశపెడతారు, నోటు రాసిన లేఖరిని బోనెక్కిస్తారు, ఆ సాయంత్రం ఎవరు ఏమన్నారో అందరూ ఒక్కోలా చెబుతారు. సంతకం పక్కన "సాక్షి" అని రెండక్షరాలు రాసి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఏ హోదాలో పెడుతున్నారో మీ చేత్తో రాయకుండా ఏ నోటు మీదా సంతకం పెట్టకండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

కాలపరిమితి మాట వచ్చింది కాబట్టి, "నోటు ఇవాళ నా పేరుకు మారింది, ఇవాళ్టి నుంచి మూడేళ్లు ఉంది" అనేది శుద్ధ తప్పు. కోరినప్పుడు చెల్లించే నోటుకు 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చిన మూడేళ్లు నోటు రాసిన తేదీ నుంచి లెక్క. చేతులు మారినంత మాత్రాన రాసిచ్చినవాడి మీద గడువు పెరగదు. మూడేళ్లు నిండకముందే అతను కొంత చెల్లించి, తన చేత్తో రాసి గాని సంతకం పెట్టి గాని చెల్లు వేస్తే పెరుగుతుంది. మీకు నోటు అమ్మినవాడు వేసిన చెల్లు అతన్ని కట్టిపడేయదు. రెండేళ్ల పది నెలల పాత నోటును పుచ్చుకుంటున్నవాళ్లు ముందు చూడాల్సింది వెనక ఉన్న చెల్లును, దాని కింద ఉన్నది ఎవరి సంతకమో దాన్ని.

ఇక నోటు పుచ్చుకున్నవాళ్లకు చెప్పే తప్పుడు సలహాల వంతు. వీటిలో మొదటిది: "వెనక సంతకం ఉంది కదా, నువ్వు నిమ్మళంగా ఉండు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వాణ్ని పట్టుకోవచ్చు." ఈ మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. ఎండార్స్ చేసినవాడి బాధ్యత దానంతట అది నిలబడదు, నిలబెట్టుకోవాలి. కోరినప్పుడు చెల్లించే నోటులో రాసిచ్చినవాడి మీద దావాకు ముందు, చెల్లింపు చోటు ఫలానా అని నోటులో రాసి ఉంటే తప్ప, నోటు చూపించి అడగనక్కర్లేదు. ఆ మినహాయింపు అతని వరకే. వెనక సంతకం పెట్టినవాణ్ని బాధ్యుణ్ని చేయాలంటే నోటును రాసిచ్చినవాడికి చూపించి డబ్బు అడగాలి, అదీ తగిన వ్యవధిలోనే. అతను కట్టనంటే ఆ సంగతి ఎండార్సరుకు తెలియజేయాలి. ఒకే ఊళ్లో ఉంటే మర్నాటికల్లా చేరేలా, వేరే ఊళ్లలో ఉంటే తర్వాతి టపాలో గాని మర్నాడు గాని పంపాలని 106వ సెక్షన్ చెబుతోంది. నెలలు గడిచాక లాయరుతో రిజిస్టర్డ్ నోటీసు ఇప్పిస్తే, "నాకు సకాలంలో తెలియజేయలేదు, ఈలోపు నోటు రాసినవాడు పొలం అమ్ముకుని వెళ్లిపోయాడు" అని ఎండార్సరు చెప్పే వాదానికి బలం వస్తుంది.

నోటీసు ఎలా ఉండాలన్న దాంట్లో చట్టం చాలా సులువుగా ఉంది. నోటితో చెప్పినా చాలు, కాయితం మీద రాసినా చాలు. ఫలానా నోటు చెల్లింపు తప్పింది, ఈ విధంగా తప్పింది, దీనికి మీరు బాధ్యులు అని చెబితే సరిపోతుంది. సరైన చిరునామాకు పంపిన ఉత్తరం దారిలో పోయినా నోటీసు ఇచ్చినట్టే. కానీ నోటితో చెప్పానంటే రుజువు కావాలి కదా, అందుకే స్పీడ్ పోస్టులోనే పంపి రసీదు దాచుకోండి. నోటీసు అక్కర్లేని సందర్భాలను 98వ సెక్షన్ కొన్ని చెప్పింది: ఎండార్సరు ముందే నోటీసు వద్దని రాసి ఉంటే, నోటీసు లేనందువల్ల అతనికి ఏ నష్టమూ జరగకపోతే, ఎంత వెతికినా అతను దొరకకపోతే, ఇంకా అన్నీ తెలిసి కూడా బేషరతుగా కడతానని మాటిస్తే. ఈ చివరిది ఎండార్సర్లు గుర్తుపెట్టుకోవాలి. ఆలస్యంగా నోటీసు వచ్చింది, పోనీలే అని "మీ డబ్బు ఎక్కడికీ పోదు, నేనిస్తాలెండి" అన్నారంటే, ఆ ఆలస్యం వల్ల మీకు దక్కిన రక్షణ పోయినట్టే.

నోటీసు అందిన ఎండార్సరుకు ఇంకో పని ఉంది. తన ముందు సంతకం పెట్టినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకూ అంతే తొందరగా కబురు పంపాలి. ఇక్కడ "కంగారెందుకు, ముందు లాయరుగారిని కలిసి నిదానంగా ఆలోచిద్దాం" అని చెబుతారు. లాయరుగారిని తప్పకుండా కలవండి, కబురు మాత్రం ముందు పంపండి. ఇంకో సంగతి: నోటులో వడ్డీ రేటు రాయకపోతే 80వ సెక్షన్ కింద ఏడాదికి నూటికి 18 పడుతుంది. ఎండార్సరు మీద ఆ వడ్డీ నోటీసు అందిన రోజు నుంచే నడుస్తుంది, నోటు తేదీ నుంచి కాదు. లెక్కలో పాత వడ్డీ మొత్తం కలిపి అడిగితే ఈ మాట చెప్పండి.

పుచ్చుకున్నవాళ్లకే ఇంకో సలహా ఇస్తుంటారు: "మధ్యలో ఉన్న పేర్లు కొట్టేస్తే కాయితం శుభ్రంగా ఉంటుంది." కొట్టకండి. చట్టమే 40వ సెక్షన్ కింద దీనికి ఉదాహరణ ఇచ్చింది. ఒక బిల్లు (బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజ్) మీద వరసగా కొన్ని ఖాళీ సంతకాలు, చివరివాడు జాన్ రొజారియో. బిల్లు చేతిలో ఉన్నవాడు రొజారియోను అడగకుండా మధ్య సంతకాలు రెండు కొట్టేశాడు. ఫలితం, రొజారియో దగ్గర అతనికి పైసా రాదు. ఎందుకంటే రొజారియో డబ్బు కట్టి, ఆ తర్వాత రాబట్టుకోవాల్సిన మనుషుల్నే అతను కాయితం మీద లేకుండా చేశాడు. నోటు రాసిచ్చినవాడితో ఎండార్సరుకు తెలియకుండా రాజీపడి "రద్దు" రాసిచ్చినా వచ్చే ఇబ్బంది ఇదే. తేదీ దిద్దడం, అంకె మార్చడం సంగతి చెప్పనే అక్కర్లేదు. పుచ్చుకున్నవాడే దిద్దాడంటే అతనికి ఎండార్స్ చేసినవాడు బాధ్యత నుంచి బయటపడతాడు.

తండ్రి పోయాక పెట్టెలో నోటు దొరికి, వెనక ఆయన సంతకం కూడా ఉంటే, "నాన్నగారి సంతకం ఉందిగా, అలాగే ఇచ్చెయ్ తమ్ముడూ" అంటారు. కుదరదు. తండ్రి సంతకం పెట్టి, నోటు అందించకుండానే పోయినట్టయితే, కొడుకు దాన్ని చేతిలో పెట్టినంత మాత్రాన బదిలీ జరగదని 57వ సెక్షన్ చెబుతోంది. వారసుడిగా కొడుకే మళ్లీ ఎండార్స్ చేయాలి. అక్కడ ఇంకో ప్రమాదం ఉంది: 29వ సెక్షన్ ప్రకారం వారసుడిగా సంతకం పెట్టినవాడు సొంతంగానూ బాధ్యుడే. "మా తండ్రిగారి ఆస్తిలో నాకు వచ్చిన మేరకే బాధ్యత" అని రాయండి. ఒక్క పంక్తి మీ సొంత ఇంటిని కాపాడుతుంది.

వ్యాపారంలో వాడే బిల్లుల గురించి రెండే మాటలు. సరుకు కొన్నవాడు అంగీకరించిన బిల్లును బ్యాంకులో డిస్కౌంట్ చేసుకుంటే, అమ్మినవాడు దాని మీద ఎండార్సర్ కాబట్టి, కొన్నవాడు తప్పితే బ్యాంకు అమ్మినవాడి ఖాతాలోకే చెయ్యి పెడుతుంది. రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచే ట్రెడ్స్ వేదికల మీద చిన్న పరిశ్రమలు అమ్మే ఇన్వాయిస్‌లకు ఈ తిరుగు బాధ్యత ఉండదు. ఎంఎస్‌ఎంఈ యజమానులు ఈ తేడా తప్పక చూసుకోవాలి. రెండోది గడువు. బిల్లుకు గడువు తేదీ మీద మూడు రోజుల అదనపు వెసులుబాటు ఉంటుంది. ఆ లెక్కన వచ్చిన రోజు ఆదివారమో, ప్రభుత్వ సెలవో అయితే "సోమవారం చూపించొచ్చులే" అంటారు. అలా చేస్తే ఆలస్యమైపోయినట్టే. 25వ సెక్షన్ ప్రకారం గడువు ముందున్న పనిదినానికి వస్తుంది, అంటే శనివారమో, అదీ సెలవైతే శుక్రవారమో. ఆ ఒక్క రోజు తప్పినందుకు ఎండార్సర్లు చేజారిపోవచ్చు.

చెక్కు వెనక సంతకం పెడితే జైలుకు పోతారని భయపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. 138వ సెక్షన్ కింద నేరం చెక్కు రాసినవాడి మీద మాత్రమే. ఎండార్స్ చేసినవాడికి సివిల్ బాధ్యత ఉంటుంది, క్రిమినల్ కేసు ఉండదు. ఈ భయాన్ని వాడుకుని రాజీ కాయితాలు రాయించుకునేవాళ్ల మాట వినకండి.

మీ ముందుకు ఎవరైనా నోటు తెచ్చి, వెనక్కి తిప్పి, వేలితో ఖాళీ చోటు చూపిస్తే, అక్కడ ముందు నాలుగు సంగతులు మీ చేత్తో రాయండి: ఎవరి పేరుకు, ఏ హోదాలో, పూచీతోనా లేకుండానా, ఏ తేదీన. ఆ తర్వాత సంతకం పెట్టండి. రెండు వైపులా ఫోటో తీసి దగ్గర ఉంచుకోండి. రాయడానికి వీల్లేదు, సంతకం మాత్రమే కావాలి అంటే, అది ఎంత దగ్గరి చుట్టం అడిగినా సరే, పెట్టకండి.